అరచేత్తో చూపే నొప్పి, వేలితో చూపే నొప్పి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో పోయిన ఆదివారం కానిస్టేబుల్ ఉద్యోగార్థుల కోసం వేసిన సలహాలు చదివాను. నేను కొన్న పేపర్లో కాదు. ఉదయం ఆరున్నరకి హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ బయట టీ బండి దగ్గర చదివాను. ప్రాక్టీసుకొచ్చే కుర్రాడొకడు పేపరు నాలుగు మడతలు పెట్టి తెచ్చి నా ముందుంచాడు. "సార్, పేపర్ల గిట్ల రాసిన్రు. మీరేమో ఆగమంటున్నరు" అన్నాడు. అందులో ఒక వాక్యం కింద పెన్నుతో గీత గీసి ఉంది. నొప్పి వస్తోందంటే కండ బలపడుతోందని అర్థమట, ప్రాక్టీసు ఆపకూడదట.

రాసినవారి మీద నాకేమీ కోపం లేదు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా, అంటే డ్రిల్లు సారుగా, 31 ఏళ్లు పనిచేసి 2016లో రిటైరయ్యాను. ఆ 31 ఏళ్లూ నేనూ అదే చెప్పాను. విజిల్ ఊది, వరసలో నిలబెట్టి మరీ చెప్పాను. "నొప్పుంటే ఉండనియ్, ఉరుకు" అనేది నా ఊతపదం. పాత విద్యార్థులు ఇప్పటికీ బజారులో కనబడితే ఆ మాట నాకే అప్పజెప్పి నవ్వుతారు. ఆ మాటెందుకు మానుకున్నానో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడవైంది. మీరు కత్తెర వేస్తారని తెలుసు, కానీ వేలితో చూపే నొప్పి గురించి రాసినదాన్ని మాత్రం వదిలెయ్యమని మనవి.

నోటిఫికేషన్ వస్తుందన్న మాట చెవిన పడితే చాలు, మా గ్రౌండ్ నిండిపోతుంది. పరకాల నుంచి, నర్సంపేట నుంచి వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లలే ఎక్కువ. 2022 నోటిఫికేషన్లో ఈవెంట్స్‌కి, అంటే ఒంటి సత్తా పరీక్షలకి, మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలన్నారు. అంటే 435 సెకన్లు. మేం సున్నంతో గీసుకున్న 200 మీటర్ల ట్రాక్ మీద ఎనిమిది రౌండ్లు, రౌండుకి 54 సెకన్లు. ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, అంటే నాలుగు రౌండ్లు, రౌండుకి 80 సెకన్లు. రోజూ ఆడిన ఒంటికి ఇవి పెద్ద లెక్కలు కావు. కానీ రెండేళ్లు కోచింగు సెంటర్ బల్ల మీద కూర్చుని, ప్రిలిమ్స్ రిజల్ట్ చూసుకున్నాక బూట్లు కొనుక్కునే పిల్లలకు పెద్దవే. చేతిలో ఉండేది రెండు నెలలు. మొదటి రోజే ఎనిమిది రౌండ్లు కొట్టేస్తారు. మర్నాడు మంచం దిగలేరు.

ఆ మర్నాటి నొప్పికి మన భాషలో చక్కటి మాట ఉంది. ఒళ్లు పులిసిపోయింది అంటాం. మాకు ట్రైనింగులోనూ అలాగే చెప్పారు. కండలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది, అదే నొప్పి అని. పులుపు, ఆమ్లం సరిగ్గా కుదిరాయి కదా అని నేనూ ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాను. తీరా చూస్తే ఆ సరుకు పరుగు ఆపిన గంటా గంటన్నరలోపే ఒంట్లోంచి సర్దుకుపోతుంది. నొప్పేమో సగం రోజు నుంచి ఒక రోజు గడిచాక గానీ పైకి రాదు. రెండో రోజుకీ మూడో రోజుకీ మధ్య బాగా ఉంటుంది, అయిదారు రోజుల్లో పోతుంది. అలవాటు లేని పనికి కండలోని సన్నటి పోగులు అక్కడక్కడా చిట్లి, వాటిని శరీరం బాగుచేసుకునేటప్పుడు వచ్చే నొప్పి అది. పొట్టిగా ముడుచుకునేటప్పటి కంటే, బరువు మోస్తూ సాగేటప్పుడు కండ ఎక్కువ చిట్లుతుంది. అందుకే ఎక్కడం కంటే దిగడం తొడలను ఎక్కువ పిండుతుంది. అలిపిరి మెట్లు 3550 ఎక్కినవాళ్లు ఆయాసం సంగతి చెబుతారు. పంతానికి పోయి ఆ మెట్లన్నీ దిగి కూడా వచ్చినవాళ్లు మూడో రోజు తొడల సంగతి చెబుతారు. బాత్రూంలో కూర్చోలేక గోడ పట్టుకున్నామని చెప్పేది వాళ్లే.

ఈ నొప్పిని చూసి భయపడక్కర్లేదు. మా అమ్మకు ఇది తెలుసు. వానాకాలం నాట్లకు పోయిన మొదటి రెండు రోజులూ రాత్రి తొడలు, నడుము పట్టుకుని మూలిగేది. నాలుగో రోజు నుంచి అదే మడి, అదే వంగడం, నొప్పి మాత్రం ఉండేది కాదు. ఒకసారి దెబ్బ తిన్న కండ రెండోసారి అదే పనికి అంత తేలిగ్గా లొంగదు. అమ్మ మందు కూడా ఏమీ వాడేది కాదు, వేణ్నీళ్లు పోసుకుని పడుకునేది. మర్నాడు మళ్లీ పోయేది, పోకపోతే కూలి రాదు మరి. నేను గ్రౌండ్లో పిల్లలకి చెప్పేది అదే. పులిసిన ఒంటితో పడుకోవద్దు, నాలుగు రౌండ్లు నడవండి, వేణ్నీళ్ల స్నానం చేయండి, మళ్లీ గట్టి ప్రాక్టీసు రెండు రోజులాగి చేయండి. ఇంతవరకు మీ సలహాతో నాకు పేచీ లేదు.

ఒక్క హెచ్చరిక ఉంది. మొదటిరోజే ఒళ్లు హూనం చేసుకున్న తర్వాత, అందులోనూ ఎండలో, మూత్రం నల్ల టీ రంగులో వస్తే అది ఒళ్లు పులవడం కాదు. కండ మరీ ఎక్కువగా దెబ్బతిని దాని సరుకు రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతోందని అర్థం. అప్పుడు వేణ్నీళ్లూ లేవు, పడుకోవడమూ లేదు, నేరుగా ఆసుపత్రికే.

ఇక అసలు సంగతి. 2022లో, ప్రిలిమ్స్ అయిపోయాక సెప్టెంబరులో ఒక అమ్మాయి మా గ్రౌండ్‌కి రావడం మొదలుపెట్టింది. ఊళ్లో సీసీ రోడ్డు మీద కాన్వాస్ బూట్లతో పరుగెత్తి వచ్చింది. చాలా పట్టుదల గల పిల్ల. నాలుగు వారాల్లో నాలుగు రౌండ్ల టైము అరనిమిషం తగ్గించింది. అయిదో వారంలో కుడికాలు కుంటుతుంటే ఏమిటన్నాను. మోకాలికీ చీలమండకీ నడుమ, లోపలివైపు ఎముక అంచు మీద చూపుడు వేలు పెట్టి "ఇక్కడ సార్" అంది. అంతకుముందు వారం అడిగినప్పుడు అదే కాలి మీద అరచెయ్యి పెట్టి, జానెడు మేర పైకీ కిందకీ రాసి చూపించింది. వారంలో అరచెయ్యి పోయి వేలు వచ్చింది. నేను చూశాను, చూసి కూడా పట్టించుకోలేదు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, "ఈవెంట్స్ దగ్గరబడ్డయ్ బిడ్డా, ఆగితే ఛాన్స్ పోతది" అన్నాను. నా ఊతపదమే.

ఇంకో పది రోజులు పరుగెత్తింది. తర్వాత నడవడమే చేతకాలేదు. అప్పుడు మా ఇంటికి తీసుకెళ్లాను. మా ఆవిడ రిటైరైన ఏఎన్ఎం. కాలు చూసి, ఆ చోట బొటనవేలితో నొక్కింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతోందా అంటే అవునంది. అప్పుడు మా ఆవిడ నా వైపు తిరిగి "నువ్వు జరసేపు బయట కూసో" అంది. బయట కూర్చున్నాను. తలుపు సందులోంచి వినబడింది. "నెలనెలా వస్తుందా బిడ్డా?" మూడు నెలలుగా రావడం లేదట. పరుగు మొదలుపెట్టాక రావడం లేదు గనక బెంగ లేదనుకుందట, ఒక రకంగా సుఖమే అనుకుందట. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని రాత్రిళ్లు తినడం కూడా మానేసిందట.

31 ఏళ్లు ఆడపిల్లలకి ఖోఖో నేర్పినవాణ్ని. ఈ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. అడిగే చొరవ లేదు, అడగాల్సిన అవసరమూ తెలియదు. తిండి చాలక నెలసరి ఆగితే ఎముకకు కావలసిన హార్మోను తగ్గుతుంది, అలాంటి ఎముక మీద రోజూ కాంక్రీటు దెబ్బలు పడితే పగులుతుంది. ఇది నాకు మా ఆవిడ చెప్పింది, తర్వాత ఎముకల డాక్టరు చెప్పారు. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఇంట్లోవాళ్లు "ఏం లేదట" అని సంతోషపడ్డారు. కానీ డాక్టరు అనుభవజ్ఞుడు. ఇలాంటి సన్నపగులు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేకి చిక్కదని చెప్పి పరుగు మాన్పించారు. మూడు వారాల తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఎముక అంచున కొత్తగా అతుకుతున్న తెల్లటి గీత కనబడింది. డిసెంబరులో ఈవెంట్స్ జరిగాయి. ఆ పిల్ల రాలేదు.

(నా పేరు వేయొద్దని కింద కోరడానికి కారణం ఇదే. నా పేరు చూస్తే ఆ పిల్ల ఎవరో ఇక్కడ పదిమందికి తెలిసిపోతుంది.)

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1855లోనే ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే డాక్టరు రాశాడు. కొత్తగా చేరిన సిపాయిలకు కవాతు తర్వాత పాదాలు వాచి నొప్పి పుడుతున్నాయని. ఎందుకో ఆయనకు తెలియదు, ఎక్స్‌రే కనిపెట్టిందే 1895లో. ఎక్స్‌రే వచ్చాక చూస్తే పాదం ఎముకల్లో పగుళ్లు. సిపాయిలైనా, మా గ్రౌండ్ పిల్లలైనా జరిగేది ఒకటే. పరుగు మొదలుపెట్టిన మూడు వారాల్లో ఊపిరి దారికొస్తుంది. ఆయాసం తగ్గగానే ఒళ్లంతా తయారైందనుకుంటాం. కండకు ఇంకా కొన్ని వారాలు పడుతుంది. ఎముక అన్నిటికంటే వెనక. రోజూ దెబ్బ తగిలే చోట శరీరం ముందు పాత ఎముకను తవ్వి తీసేస్తుంది, ఆ తర్వాత కొత్తది పోస్తుంది. తవ్వడానికి రెండు మూడు వారాలైతే పూడ్చడానికి మూడు నెలలు. మన వీధుల్లో పైపుల కోసం రోడ్డు తవ్వినప్పుడు చూస్తుంటాం కదా, అదే వరస. ఆ తవ్విన రోడ్డు మీద లారీ తోలడమే నాలుగో వారంలో "టైమింగ్ బాగొస్తోంది" అని రౌండ్లు రెట్టింపు చేయడం.

అందుకే ఇప్పుడు గ్రౌండ్లో ఎవరైనా నొప్పి అంటే ముందు "చూపించు" అంటాను. చూపించే చెయ్యిని చూస్తాను. పిక్కంతా, తొడంతా అరచేత్తో రుద్ది చూపిస్తే, రెండు కాళ్లకీ ఉంటే, నాలుగు అడుగులు వేసేసరికి తగ్గితే ఊరుకుంటాను. ఎముక అంచు పొడవునా జానెడు మేర నొప్పి ఉంటే పరుగు సగానికి తగ్గించి, రోడ్డు మాన్పించి మట్టి మీదకు తెస్తాను. ఒక్క వేలితో, రూపాయి బిళ్లంత చోటు ఎముక మీద చూపిస్తే ఆ రోజు నుంచి పరుగు లేదు. కాస్త గెంతి చూడు అని కూడా అనను. వాళ్లు ఏడుస్తారు, తిడతారు, ఇంకో గ్రౌండ్‌కి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు, డాక్టరు దగ్గరికి ఎవరిని పంపాలో తెలుసుకోవడానికి మాత్రమే.

బెణుకుల గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అన్నిటికంటే పెద్ద గందరగోళం అక్కడే. కబడ్డీలో చీలమండ మడత పడగానే చుట్టూ చేరి "నరం మీద నరం ఎక్కింది" అంటారు. మన తెలుగులో నరం చేయని పని లేదు. రక్తం పారేదీ నరమే, తిమ్మిరెక్కేదీ నరమే, కండను ఎముకకు కట్టేదీ నరమే, ఎముకను ఎముకకు కట్టేదీ నరమే. ఒకదాని మీదొకటి ఎక్కడానికి అవి గొర్రెలు కావు. పాదం లోపలికి మడత పడ్డప్పుడు బయటివైపు ఉండే కట్టు సాగుతుంది లేదా చినుగుతుంది. అంతే. కానీ "ఎక్కిన" నరాన్ని "దించడానికి" ఒకడు పాదం పట్టి లాగుతాడు, ఇంకొకడు ఆముదం పెట్టి గట్టిగా నీవుతాడు. చినిగిన గుడ్డను పట్టి లాగితే ఏమవుతుందో చెప్పాలా? నడుము పడితే ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ని వెతికి తెచ్చి తన్నించుకోవడం కూడా మా ఊళ్లో ఉంది. దానికి నేను అడ్డు చెప్పను. పడితే పడ్డ నడుము చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, ఆ ఘనత ఎదురుకాళ్లవాడికి దక్కుతుంది. మెల్లగా తన్నితే చాలు.

చీలమండ బెణికినప్పుడు ఎముక విరిగిందా లేదా అన్నది ఆ క్షణంలో పెద్ద టెన్షన్. దీనికి కెనడాలోని ఒట్టావా నగరంలో డాక్టర్లు 1992లో ఒక పద్ధతి చెప్పారు, చాలా తేలిక. దెబ్బ తగిలిన వెంటనే గానీ, తర్వాత ఆసుపత్రిలో గానీ నాలుగు అడుగులు వేయగలడా? కుంటుతూ అయినా సరే. చీలమండకు రెండువైపులా పొడుచుకొచ్చే ఎముకల వెనక అంచును, చివరను నొక్కితే నొప్పి ఉందా? పాదం బయటి అంచున, చిటికెన వేలు ఎముక మొదలు దగ్గర, లోపలివైపు పాదం వంపు పైన ఉండే ఎముక మీద నొక్కితే ఉందా? ఈ ఎముకల మీద నొప్పి లేకుండా, నాలుగు అడుగులు వేయగలిగితే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ, ఎక్స్‌రే అక్కర్లేదు. ఏ ఒక్కటి తేడా వచ్చినా తీయించాలి. నేను దీన్ని సర్వీసు చివర్లో తెలుసుకున్నాను. అంతకుముందు నా పరీక్ష ఏమిటంటే, పిల్లాడు ఏడుస్తున్నాడా లేదా. ఏడవకపోతే ఆడించేవాణ్ని.

ఐసు సంగతి కూడా నా తలలో చాలాకాలం తారుమారుగా ఉంది. దెబ్బ తగలగానే విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం, ఈ నాలుగూ నేర్పాను. పుల్లఐసు బండివాణ్ని గేటు దగ్గర ఆపి ముక్కలు కొట్టించుకునేవాళ్లం. ఈ నాలుగింటినీ కలిపి 1978లో ప్రచారంలోకి తెచ్చింది గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు. ఆయనే 2014లో, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తన మాట తాను దిద్దుకున్నాడు. వాపు అనేది ఒళ్లు బాగుచేసుకునే పనిలో భాగమే కదా. ముప్పై ఆరేళ్ల తర్వాత అంత పేరున్న మనిషి తప్పు ఒప్పుకున్నాడంటే, నా ఊతపదం వదులుకోవడానికి నాకు సిగ్గెందుకు? ఇప్పుడు నేను చేసేదేమిటంటే, నొప్పి బాగా ఉంటే గుడ్డలో చుట్టి పది నిమిషాలు ఐసు పెట్టనిస్తాను, అది నొప్పికే గానీ మానడానికి కాదని చెబుతాను. మొదటి రెండు మూడు రోజులు ఉప్పు కాపడం, మాలిష్ వద్దంటాను, వాపు పెరుగుతుంది. ఆ తర్వాత కాలిని మంచం మీద దాచిపెట్టకుండా నెమ్మదిగా నడిపిస్తాను. ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోమంటాను. బెణికిన కాలు మళ్లీ మళ్లీ బెణకడానికి కారణం చాలావరకు ఆ నిలకడ తిరిగి రాకుండానే ఆటలోకి దిగడం.

అమృతాంజనం రాసుకోవద్దా అంటారు. రాసుకోండి. చర్మం చల్లగానో మంటగానో ఉండి లోపలి నొప్పి నుంచి దృష్టి మళ్లుతుంది, అంతవరకే దాని పని. అయినా ఒక పత్రికకు రాస్తూ అమృతాంజనాన్ని తక్కువ చేసి మాట్లాడను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో ఆ డబ్బా పెట్టారు గనకే తర్వాత ఆంధ్రపత్రిక నడిచింది. తెలుగువాళ్ల తలనొప్పులు తెలుగు పత్రికను పోషించాయి.

ఇంజెక్షన్ల గురించి మాత్రం ఇంత తేలిగ్గా మాట్లాడలేను. ఈవెంట్స్ రోజు పొద్దున ఒక ఆర్ఎంపీ దగ్గర (ఊరు చెప్పను) డైక్లోఫినాక్ అనే నొప్పి మందు ఇంజెక్షన్ వేయించుకుని వచ్చే పిల్లలను చూశాను. ముందురోజు నుంచి బరువు తగ్గాలని, మధ్యలో ఆగాల్సి వస్తుందేమోనని నీళ్లు కూడా సరిగా తాగరు. ఒంట్లో నీళ్లు లేనప్పుడు ఆ మందు కిడ్నీల మీద పడుతుంది. ఇక నొప్పి తెలియకపోవడం అసలు ప్రమాదం. సన్నపగులు ఉన్న ఎముక పూర్తిగా విరిగేదాకా పిల్లాడికి తెలియదు. ఈ మందు పశువులకు వాడటాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు, వాటి కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని. మనుషులకు వాడితే అలా చస్తారని కాదు, డాక్టరు చెప్పిన మేరకు మంచి మందే. కానీ అది పాన్ డబ్బాలో జర్దాలా దొరకడం నాకు నచ్చదు.

ఉదయం నడకకు వచ్చే మా వయసువాళ్లకూ రెండు మాటలు. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద మేకు గుచ్చినట్టుండి, పది అడుగులకి తగ్గితే అది అరికాలి కింద పట్టీ నొప్పి. నెలలు పడుతుంది, పోతుంది. మడమ వెనక తాడు లాంటి దాని నొప్పికి ఒక కథ ఉంది. స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే సర్జన్‌కి పరుగు వల్ల అదే వచ్చింది. ఆపరేషన్ చేయమని పై డాక్టరును అడిగితే, నీకు సెలవివ్వడం కుదరదన్నాడట. సరే, ఇది తెగిపోతే ఎలాగూ చేయక తప్పదు కదా అని మెట్టు అంచున నిలబడి మడమను కిందకు దించుతూ రోజూ కసిగా దాన్ని హింసించాడు. తెగలేదు, నయమైంది! 1998లో దాన్నే వైద్యంగా ప్రచురించాడు. మెట్టు మీద మడమను నెమ్మదిగా దించడం, రోజుకు 180 సార్లు, 12 వారాలు. నేను అందులో సగం చేసి బాగుపడ్డాను. పరుగులో ఎవరో వెనకనుంచి తన్నినట్టయి, ఠప్‌మని వినబడి, ఆ తర్వాత మునివేళ్ల మీద లేవలేకపోతే మాత్రం ఈ కసరత్తులు పనికిరావు. తాడు తెగింది, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. అలాగే నడిచేటప్పుడు వచ్చి ఆగితే పోయే ఛాతీ నొప్పి, దవడ నొప్పి, ఎడమ చేతి లాగుడు జిమ్ నొప్పులు కావు. మాతో నడిచే ఒక బ్యాంకు ఆయన రెండు వారాలు దాన్ని డంబెల్స్ మీదకు తోశాడు. ఇప్పుడు ఆయనకు రెండు స్టెంట్లున్నాయి.

మీకు నా విన్నపం చిన్నది. నోటిఫికేషన్ రోజుల్లో మీరు మోడల్ పేపర్లు వేస్తారు, ఎత్తు, ఛాతీ కొలతలు వేస్తారు. వాటి పక్కన కాలి బొమ్మ ఒకటి వేయండి, ఎముక మీద వేలు పెట్టినట్టు. ఆడపిల్లల పేజీలో నెలసరి ఆగితే ఎవరికైనా చెప్పమని ఒక్క వాక్యం వేయండి. నాలాంటి డ్రిల్లు సార్లు అడగరు, అందుకు.

పేపరు తెచ్చిన కుర్రాడి సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు అడుగుతారు. కాలు చూపించమన్నాను. రెండు పిక్కల మీదా రెండు అరచేతులూ వేసి రుద్దాడు. ఇవాళ నడువు, ఎల్లుండి ఉరుకు అన్నాను. "అంటే పేపర్ల రాసింది కరెక్టే కదా సార్" అన్నాడు. నీ వరకు కరెక్టే అన్నాను. చెప్పిన ప్రకారం మూడో రోజు వచ్చి ఎనిమిది రౌండ్లూ పూర్తి చేశాడు. 7 నిమిషాల 41 సెకన్లు పట్టింది. ఇంకా 26 తగ్గాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత పీఈటీ,
హనుమకొండ.
(పేరు ప్రచురించవద్దని మనవి)